పని చూపించిన చేయి – క్లారా బార్టన్ జీవితం



ఈ ఏటి నివేదికలో ఒక గొప్ప మహిళ జీవితం రాయమని మీటింగులో నాకు అప్పజెప్పారు. ముందు ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి రాద్దామనుకున్నాను. కానీ దీపం పట్టుకొని రాత్రిళ్ళు సిపాయిల దగ్గర తిరిగిన ఆ తల్లి బడి పుస్తకాల నుంచే మనందరికీ తెలుసు. అందుకని ఆమె తర్వాత ఏడాదిన్నరకు ఇంకో దేశంలో పుట్టిన ఇంకొకామె గురించి రాస్తున్నాను. ఆమె పేరు క్లారా బార్టన్. అమెరికా దేశస్థురాలు. జీతం లేకున్నా, తన దేశం కాకున్నా, యుద్ధం జరిగే చోటికి పోయి దెబ్బలు తగిలినవాళ్ళకు సేవ చేసింది. దవాఖానల్లో పని చేసింది, ఆకలైనవాళ్ళకు గంజి కాచి పోసింది.

సేవ చేసినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈమెనే ఎందుకు ఎంచుకున్నానంటే రెండు కారణాలు. ఒకటి, యుద్ధంలో ఇల్లు కాలిపోయి రోడ్డున పడ్డ ఆడవాళ్ళకు ఆమె దానం చేసి ఊరుకోలేదు. చేతికి పని ఇచ్చి, చేసిన పనికి కూలి ఇచ్చింది. రెండోది లెక్కల పుస్తకాల సంగతి. అది చివర్లో చెప్తాను, అది మన సంఘాలకు చాలా అవసరమైన సంగతి.

చిన్నతనం

1821 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున, మసాచుసెట్స్ రాష్ట్రంలోని నార్త్ ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో క్లారా పుట్టింది. తండ్రి స్టీఫెన్ బార్టన్ వ్యవసాయదారుడు, వయసులో ఉన్నప్పుడు సిపాయిగా పని చేసినవాడు. తల్లి సారా. ఐదుగురు పిల్లల్లో క్లారాయే అందరికంటే చిన్నది. అన్నలు, అక్కలు ఆమె కంటే చాలా పెద్దవాళ్ళు. వాళ్ళే ఆమెకు చదువు, లెక్కలు, గుర్రం స్వారీ నేర్పించారు. ఇంటికి ఎవరన్నా వస్తే మాత్రం తలుపు చాటుకు పోయేది. నలుగురిలో నోరు తెరవాలంటే భయం. మన సంఘంలో కొత్తగా చేరిన చెల్లె మొదటి మీటింగుల్లో తన పేరు చెప్పడానికి కూడా ఎట్లా సిగ్గుపడుతుందో, ఆమె కూడా అట్లనే ఉండేదన్నమాట.

ఆమెకు 11 ఏళ్ళు ఉన్నప్పుడు అన్న డేవిడ్ కొత్త కొట్టం కడుతుంటే పైనుంచి కింద పడ్డాడు. మంచం పట్టాడు. ఆ చిన్నపిల్ల దాదాపు రెండేళ్ళు బడి మానేసి అన్న మంచం పక్కనే ఉండి చూసుకుంది. ఆ రోజుల్లో వైద్యం అంటే జలగలు పట్టించి రక్తం తీయడం. పెద్దవాళ్ళకే ఒళ్ళు జలదరించే ఆ పని ఆమె తన చేతులతో చేసింది. చివరికి అన్న లేచి తిరిగాడు. క్లారా ఎప్పుడూ నర్సు బడికి పోయి చదవలేదు. ఆమె నేర్చుకున్న మొదటి నర్సు పని ఇదే.

పంతులమ్మ, ఆఫీసు కొలువు

ఆ సిగ్గు పోవాలంటే ఏదన్నా బాధ్యత నెత్తిన పెట్టాలని పెద్దవాళ్ళు సలహా చెప్పారు. 17 ఏళ్ళకే ఆమె బడిపంతులమ్మ అయింది. మొండి మగపిల్లలను కూడా కొట్టకుండా, వాళ్ళతో ఆడి పాడి దారికి తెచ్చేది. పదేళ్ళకు పైగా ఆ పని చేసింది.

1852లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బోర్డెన్‌టౌన్ అనే ఊరికి పోయింది. అక్కడ పైసలు కట్టి చదివే బడులే ఉన్నాయి, బీద పిల్లలు వీధుల్లో తిరుగుతున్నారు. ఫీజు లేని బడి పెడతానని ఊరి పెద్దలను ఒప్పించింది. మొదటి రోజు వచ్చింది 6గురు పిల్లలు. చూస్తుండగానే పిల్లలు వందల్లోకి పెరిగారు. ఊరివాళ్ళు పెద్ద బిల్డింగు కట్టారు. అంతా అయ్యాక, ఇంత పెద్ద బడి ఆడమనిషి నడపలేదని చెప్పి ఒక మగాయనను తెచ్చి ఆమె మీద కూర్చోబెట్టారు. ఆయన జీతం ఏడాదికి 600 డాలర్లు, ఆమెది 250 డాలర్లు. బడి పుట్టించిన మనిషికి సగం కంటే తక్కువ. ఆమె కొంతకాలానికే ఆ కొలువు వదిలేసి వెళ్ళిపోయింది. జీతం లేకుండా అయినా చేస్తాను కానీ, మగవాళ్ళు చేసే పని వాళ్ళ కంటే తక్కువ జీతానికి చేయనన్నది ఆమె పెట్టుకున్న నియమం.

తర్వాత రాజధాని వాషింగ్టన్ చేరింది. అక్కడ పేటెంట్ ఆఫీసులో గుమస్తా కొలువు దొరికింది. జీతం ఏడాదికి 1,400 డాలర్లు, మగ గుమస్తాలతో సమానం. ఆ కాలంలో సర్కారు ఆఫీసులో ఆడమనిషికి అంత జీతం అంటే చిన్న విషయం కాదు. మగ ఉద్యోగులకు అది నచ్చలేదు. ఆమె నడిచి వచ్చే దారిలో నిలబడి పొగ వదిలేవారు, ఎగతాళి చేసేవారు, చెడ్డ మాటలు పుట్టించేవారు. ఆమె తలదించుకోలేదు, పని మానలేదు. పైన ఉన్న పెద్ద అధికారికి కూడా ఆడవాళ్ళు ఆఫీసులో ఉండడం ఇష్టం లేక, ఆమె జీతం తీసేసి 100 పదాలు రాస్తే 10 సెంట్లు లెక్కన నకలు రాసే పనికి దించాడు. కూలి రేటు తగ్గించి పని చేయించుకోవడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కరలేదు.

తన దేశంలో యుద్ధం

1861లో అమెరికాలో ఉత్తరం వాళ్ళకు, దక్షిణం వాళ్ళకు యుద్ధం మొదలైంది. దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్ళను బానిసలుగా పెట్టుకొని పత్తి చేలల్లో పని చేయించేవారు. ఆ బానిసత్వమే యుద్ధానికి మూలం.

మొదట్లోనే మసాచుసెట్స్ నుంచి వచ్చిన సిపాయిల మీద దారిలో దాడి జరిగి, వాళ్ళు దెబ్బలతో వాషింగ్టన్ చేరారు. వాళ్ళలో కొంతమంది క్లారా దగ్గర చదువుకున్న పిల్లలే. సామాన్లు పోయి, కట్టుకోవడానికి బట్ట లేదు. ఆమె తన ఇంట్లో ఉన్న దుప్పట్లు చించి కట్లు కట్టింది, తిండి పట్టుకుపోయింది. తర్వాత తన ఊరి ఆడవాళ్ళకు ఉత్తరాలు రాసి బట్టలు, పచ్చళ్ళు, సబ్బులు, మందులు తెప్పించింది. పెట్టెలు వచ్చి వచ్చి ఆమె గది నిండిపోయింది, వేరే గదులు కిరాయికి తీసుకోవాల్సి వచ్చింది.

కానీ దెబ్బతిన్నవాళ్ళు ఊళ్ళోకి వచ్చేసరికే చాలామంది దారిలో చచ్చిపోతున్నారు. అందుకని నేరుగా యుద్ధం జరిగే చోటికే పోనివ్వమని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆడమనిషి అక్కడికి పోవడం ఏమిటని అందరూ అన్నారు. 1862 ఆగస్టులో ఆర్డరు దొరికింది. అదే ఏడు సెప్టెంబర్ 17న ఆంటీటమ్ అనే చోట జరిగిన యుద్ధంలో ఒక్కరోజులోనే రెండు వైపులా కలిపి 22,000 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు, లేదా కనపడకుండా పోయారు. డాక్టర్ల దగ్గర కట్లు అయిపోయి మొక్కజొన్న ఆకులు చుడుతున్నారు. అట్లాంటప్పుడు ఈమె బండి నిండా కట్ల గుడ్డలు, తిండి, లాంతర్లు వేసుకొని అక్కడికి చేరింది. ఒక సిపాయికి తల ఎత్తి మంచినీళ్ళు తాగిస్తుంటే తూటా వచ్చి ఆమె జాకెట్ చేతిలో నుంచి దూసుకుపోయి ఆ సిపాయికి తగిలింది. ఆయన అక్కడికక్కడే పోయాడు. ఆమె లేచి పక్కనున్న ఇంకో సిపాయి దగ్గరికి పోయింది.

యుద్ధం అయిపోయింది కానీ వేలమంది తల్లులకు, భార్యలకు వాళ్ళ మనిషి ఉన్నాడో పోయాడో తెలియదు. అప్పుడు ఆమె ఒక చిన్న ఆఫీసు తెరిచి ఆ వెతికే పని పెట్టుకుంది. 63,000కు పైగా ఉత్తరాలు వచ్చాయి. 22,000 మంది సంగతి కనుక్కొని ఇంటివాళ్ళకు తెలియజేసింది. ఆండర్సన్‌విల్ అనే జైలులో చనిపోయిన దాదాపు 13,000 మంది ఖైదీల పేర్లను డోరెన్స్ ఆట్‌వాటర్ అనే కుర్రాడు దొంగతనంగా రాసి దాచాడు. అతనితో కలిసి అక్కడికి పోయి, సమాధులకు పేర్లు పెట్టించే పనిలో నిలబడింది. ఆ కుర్రాడు పేర్లు రాసి పెట్టుకోకపోతే అన్ని వేల కుటుంబాలకు తమవాళ్ళ సమాధి ఎక్కడుందో కూడా తెలిసేది కాదు.

పరాయి దేశంలో సేవ

అన్నేళ్ళ కష్టానికి ఆమె ఆరోగ్యం చెడిపోయింది. ఉపన్యాసాలు ఇస్తుండగా గొంతు పడిపోయింది. విశ్రాంతి తీసుకొమ్మని డాక్టర్లు 1869లో యూరప్ పంపించారు. ఆమె విశ్రాంతికి పోయింది కానీ పని ఆమెను వదలలేదు.

స్విట్జర్లాండ్ దేశంలోని జెనీవాలో ఉన్నప్పుడు డాక్టర్ లూయీ అప్పియా అనే పెద్దమనిషి ఆమెను చూడటానికి వచ్చాడు. 1859లో సోల్ఫెరినో యుద్ధంలో దెబ్బతిన్న వేలమంది దిక్కులేక పడి ఉండడం హెన్రీ డ్యూనాంట్ అనే వ్యాపారి కళ్ళారా చూసి ఒక పుస్తకం రాశాడు. దాని నుంచి పుట్టిందే రెడ్‌క్రాస్. 1864లో చాలా దేశాలు జెనీవాలో ఒప్పందం చేసుకున్నాయి. దెబ్బతిన్నవాళ్ళను ఏ పక్షం వాళ్ళైనా కాపాడాలి, డాక్టర్లను, నర్సులను, దవాఖానలను కొట్టకూడదు, తెల్ల గుడ్డ మీద ఎర్ర శిలువ గుర్తు ఉంటే దాన్ని గౌరవించాలి. ఇదీ ఆ ఒప్పందం. దీని మీద అమెరికా ఎందుకు సంతకం పెట్టలేదని ఆ డాక్టరు అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. అసలు అట్లాంటిది ఒకటి ఉందనే ఆమెకు తెలియదు.

1870 జూలైలో ఫ్రాన్స్‌కు, జర్మన్ రాజ్యాలకు యుద్ధం వచ్చింది. ఆమె బాజెల్ పట్నంలో రెడ్‌క్రాస్ గోదాం చూసింది. కట్లు, మందులు, దుప్పట్లు అన్నీ వరుసగా సర్ది ఉన్నాయి, పని నేర్చిన నర్సులు సిద్ధంగా ఉన్నారు. తన దేశంలో నాలుగేళ్ళు బండ్ల వెంట పరిగెత్తి ఒక్కొక్కటి పోగు చేసుకున్నది గుర్తొచ్చింది. ముందే తయారుగా ఉంటే ఎంతమంది బతికేవాళ్ళో ఆమెకు అర్థమైంది. అప్పుడే తన దేశానికి కూడా ఇది తేవాలని గట్టిగా అనుకుంది.

అప్పటికి ఆమెకు 48 ఏళ్ళు, ఆరోగ్యం అంతంతే. అయినా ఆంట్వానెట్ మార్గో అనే యువతిని తోడు తీసుకొని యుద్ధం వైపు బయలుదేరింది. బాడెన్ రాజ్యం రాణి లూయీసా ఆమెను పిలిపించుకుంది. ఈ లూయీసా 1859లోనే తన రాజ్యంలో ఒక మహిళా సంఘం పెట్టించి నర్సు పని నేర్పిస్తున్న మనిషి. యుద్ధ దవాఖానలు సిద్ధం చేసే పనిలో క్లారా ఆమెకు సాయపడింది. ఇద్దరూ జీవితాంతం స్నేహితులుగా ఉన్నారు.

సరిహద్దులో స్ట్రాస్‌బర్గ్ అనే పెద్ద పట్నం ఉంది. జర్మన్ సైన్యం దాన్ని చుట్టుముట్టి రాత్రింబగళ్ళు ఫిరంగులు కాల్చింది. ఇళ్ళు కూలాయి, ఊరి పెద్ద గ్రంథాలయం కాలి బూడిదయింది. జనం నేలమాళిగల్లో దాక్కొని బతికారు. 1870 సెప్టెంబర్ చివర్లో పట్నం లొంగిపోయింది. క్లారా లోపలికి పోయి చూస్తే వేలమందికి ఇల్లు లేదు, పని లేదు, చలికాలం ముందుంది.

మొదట అందరూ చేసినట్టే చేశారు. బట్టలు, రొట్టెలు పంచారు. కొన్నాళ్ళకు ఆమె ఒకటి గమనించింది. లైను రోజురోజుకూ పెరుగుతున్నది. నిన్నటి దాకా కష్టం చేసుకొని బతికిన ఆడవాళ్ళు చేయి చాచడం అలవాటు చేసుకుంటున్నారు. చేయి చాచలేని మానవతులు ఇంట్లోనే పస్తులుంటున్నారు. ఇట్లా ఇస్తూ పోతే ఊరంతా బిచ్చగాళ్ళ ఊరవుతుందని ఆమెకు అనిపించింది. ఈ సంగతి రాణి లూయీసాకు చెప్పి, సామాను పంచడం తగ్గించి పని ఇద్దామన్నది. రాణి ఒప్పుకొని సాయం చేసింది.

అట్లా కుట్టుపని గదులు మొదలయ్యాయి. గుడ్డ తెప్పించారు, కత్తిరించి ఇచ్చారు, కుట్టడం రానివాళ్ళకు నేర్పారు. కుట్టిన బట్ట సరిగా ఉందా లేదా చూసి కూలి ఇచ్చారు. కుట్టిన ఆమెకు కూలి అందింది, ఆ బట్టలు ఒంటి మీద గుడ్డ లేనివాళ్ళకు పోయాయి. ఒక్క రూపాయితో రెండు ఇళ్ళు నిలబడ్డట్టు. మన దగ్గర బడిపిల్లల యూనిఫాంలు సంఘం సభ్యులు కుట్టి ఇచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే. 150 ఏళ్ళ కింద ఇంకో ఖండంలో, ఫిరంగులకు కూలిన ఊళ్ళో, ఆడవాళ్ళు అట్లనే తలెత్తుకున్నారు.

ఇంకో మాట ఆలోచించాలి. ఆ ఊరిని కూల్చిన సైన్యం రాణి లూయీసా తండ్రిది. ఆయనే ప్రష్యా రాజు. తండ్రి సైన్యం కూల్చిన ఊళ్ళో బిడ్డ పైసలతో పని గదులు నడిచాయి. క్లారా ఎవరి పక్షమూ మాట్లాడలేదు. ఫ్రెంచి తల్లి అయినా జర్మన్ సిపాయి అయినా దెబ్బ దెబ్బే, ఆకలి ఆకలే అన్నది ఆమె లెక్క.

1871లో పారిస్ పట్నంలో యుద్ధం, ఆ తర్వాత అంతర్గత తిరుగుబాటు జరిగి జనం నానా గోస పడ్డారు. స్ట్రాస్‌బర్గ్ ఆడవాళ్ళు కుట్టిన బట్టలు తీసుకొని ఆమె పారిస్ పోయి పంచింది. యుద్ధం అయ్యాక బాడెన్ వాళ్ళు బంగారు శిలువ, ప్రష్యా వాళ్ళు ఇనుప శిలువ పతకం ఇచ్చి ఆమెను గౌరవించారు. కానీ ఆమె మళ్ళీ మంచం పట్టింది. కళ్ళు కూడా సరిగా కనపడలేదు. 1873లో ఇంటికి తిరిగి వచ్చింది.

రెడ్‌క్రాస్ కోసం తిరగడం

కొన్నేళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే ఊళ్ళో ఉండి ఆరోగ్యం బాగుచేసుకుంది. తర్వాత వాషింగ్టన్ పోయి, జెనీవా ఒప్పందం మీద సంతకం పెట్టమని దేశాధ్యక్షుల చుట్టూ, మంత్రుల చుట్టూ తిరిగింది. పరాయి దేశాల ఒప్పందాలు మనకెందుకని ఒకరు, ఇక యుద్ధాలు రావు కదా అని ఇంకొకరు పంపించేశారు. యుద్ధం రాకున్నా వరదలు వస్తాయి, అగ్గి అంటుకుంటుంది, అప్పుడైనా ఈ సంస్థ పనికొస్తుంది కదా అని ఆమె చెప్పింది. ఆ ఆలోచన ఆమె వేసిన పెద్ద అడుగు.

1881 మే 21న అమెరికన్ రెడ్‌క్రాస్ మొదలైంది. ఆమే అధ్యక్షురాలు. అప్పటికి ఆమెకు 59 ఏళ్ళు. మొదటి శాఖ డాన్స్‌విల్‌లోనే పెట్టారు. ఆ శాఖ పెట్టిన కొద్దిరోజులకే మిషిగన్ రాష్ట్రంలో అడవులు తగలబడితే సాయం పంపారు. 1882 మార్చిలో అధ్యక్షుడు ఆర్థర్ జెనీవా ఒప్పందం మీద సంతకం పెట్టాడు. 1884లో జెనీవాలో జరిగిన సభకు పోయి, యుద్ధం లేనప్పుడు వచ్చే ఆపదల్లో కూడా రెడ్‌క్రాస్ పని చేయాలన్న మాటను మిగతా దేశాల చేత ఒప్పించింది.

1889లో జాన్స్‌టౌన్ అనే ఊరి పైనున్న డ్యామ్ తెగి 2,209 మంది చనిపోయారు. ఆమె ఐదు నెలలు అక్కడే ఉండి ఇళ్ళు, దవాఖాన ఏర్పాట్లు చూసింది. 1893లో సౌత్ కరోలినా తీరంలోని దీవులను తుఫాను ముంచింది. అక్కడ ఉన్నవాళ్ళు ఎక్కువగా బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి రైతులు. దాదాపు 30,000 మందికి తిండి, గుడ్డ అందాలి. అక్కడ కూడా మగవాళ్ళ చేత నీళ్ళు పోయే కాలువలు తవ్వించింది, విత్తనాలు ఇచ్చి సాగు చేయించింది. ఆడవాళ్ళ చేత కుట్టు సంఘాలు పెట్టించింది. స్ట్రాస్‌బర్గ్‌లో నేర్చుకున్న పాఠం ఆమె మరిచిపోలేదు.

క్యూబాలో, 76 ఏళ్ళ వయసులో

క్యూబా దీవి అప్పుడు స్పెయిన్ చేతిలో ఉంది. తిరుగుబాటు అణచడానికి పల్లె జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించి శిబిరాల్లోకి తోలారు. ఆడవాళ్ళు, పిల్లలు ఆకలికి, రోగాలకు వేల సంఖ్యలో చనిపోయారు. 1898 ఫిబ్రవరిలో క్లారా హవానా చేరి దవాఖానలు, అనాథ పిల్లల ఇళ్ళు చూడడం మొదలుపెట్టింది. ఫిబ్రవరి 15 రాత్రి అక్కడి రేవులో అమెరికా యుద్ధ ఓడ పేలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. దెబ్బతిన్న నావికుల దగ్గరికి దవాఖానకు పోయినవాళ్ళలో ఆమె ఉంది. ఏప్రిల్‌లో అమెరికా, స్పెయిన్ మధ్య యుద్ధం మొదలైంది.

స్టేట్ ఆఫ్ టెక్సాస్ అనే ఓడలో 1,400 టన్నుల సామాను వేసుకొని ఆమె సిబోనీ అనే చోట దిగింది. అక్కడ అమెరికా సైన్యం దవాఖానలో రోగులు నేల మీద పడి ఉన్నారు. అయినా ఆడ నర్సులు అక్కర్లేదని సైన్యం డాక్టరు అన్నాడు. క్యూబా వాళ్ళ దవాఖాన వాళ్ళు మాత్రం సంతోషంగా రమ్మన్నారు. నర్సులు అక్కడికి పోయి ఊడ్చి, కడిగి, పక్కలు వేశారు. అది చూసి అమెరికా సిపాయిలు మాకెందుకు లేదని అడిగితే, వద్దన్నవాళ్ళే మళ్ళీ పిలిచారు.

జూలై మొదటి రోజుల్లో సాన్ హువాన్ గుట్ట దగ్గర పెద్ద యుద్ధం అయింది. వాన, బురద. గాయపడ్డవాళ్ళు తడి గడ్డిలో పడి ఉన్నారు. కొంతమందికి ఒంటి మీద గుడ్డ లేదు. 76 ఏళ్ళ క్లారా గుర్రపు బండి మీద సామాన్ల పైన కూర్చొని అక్కడికి చేరింది. వానలోనే పొయ్యి పెట్టించి, పెద్ద గుండిగల్లో జావ కాచి, పాలు కలిపి తాగించింది. ఆ యుద్ధంలో తూటాల కంటే జ్వరాలకే ఎక్కువమంది చనిపోయారు. జ్వరం వచ్చినవాడికి గట్టి రొట్టె, ఉప్పు మాంసం పెడితే ఎట్లా తింటాడు? జావ విలువ ఆమెకు తెలుసు.

ఒకరోజు రూజ్‌వెల్ట్ అనే ఆఫీసరు వచ్చి తన జబ్బు సిపాయిల కోసం కొంచెం సామాను అమ్మమన్నాడు. ఇవి అమ్మకానికి కావు, ఊరికే అడిగితే చాలు అని వాళ్ళు చెప్పారు. ఆయన సంచి నింపించుకొని భుజాన వేసుకొని నడిచి పోయాడు. తర్వాత కొన్నేళ్ళకు ఆయనే అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

జూలై 17న సాంటియాగో పట్నం లొంగిపోయినప్పుడు, రేవులోకి అందరికంటే ముందు పోనిచ్చింది యుద్ధ ఓడను కాదు, ఈమె తిండి ఓడను.

లెక్కల పుస్తకం దగ్గర

1900లో గాల్వెస్టన్ పట్నాన్ని తుఫాను ముంచినప్పుడు, 78 ఏళ్ళ వయసులో కూడా ఆమె పోయింది. చుట్టుపక్కల రైతులకు స్ట్రాబెర్రీ మొక్కలు పంచి మళ్ళీ సాగు మొదలుపెట్టించింది. అదే ఆమె చివరి పెద్ద పని.

అప్పటికి రెడ్‌క్రాస్ పెద్దదయింది. దేశం నలుమూలల నుంచి పైసలు, సామాను వస్తున్నాయి. కానీ ఆమె నడిపే తీరు మాత్రం మొదట్లో బండి మీద తిరిగినప్పుడు ఎట్లుందో అట్లనే ఉంది. అన్ని నిర్ణయాలూ తనే తీసుకునేది. గ్లెన్ ఎకో అనే చోట ఉన్న ఒకే ఇల్లు, ఆమె ఇల్లూ అదే, ఆఫీసూ అదే, గోదామూ అదే. ఆమె జీతం తీసుకోలేదు, తన సొంత పైసలు కూడా ఎన్నోసార్లు పెట్టింది. అయితే ఏది సొంతం, ఏది సంస్థది అని విడిగా రాయలేదు. వచ్చినదానికి, ఖర్చయినదానికి కాగితాలు పూర్తిగా లేవు.

మేబెల్ బోర్డ్‌మన్ అనే సభ్యురాలు, ఇంకా కొందరు లెక్కలు చూపించమని అడిగారు. ఆమెకు కష్టం అనిపించింది. జీవితమంతా ఇచ్చినదాన్ని నన్నే అడుగుతారా అనుకుంది. గొడవ పెరిగింది. అధ్యక్షుడుగా ఉన్న రూజ్‌వెల్ట్ కూడా, నాడు ఆమె దగ్గర సంచి మోసుకుపోయినాయనే, పక్కకు జరిగాడు. ఒక కమిటీ విచారణ మొదలుపెట్టింది. ఆమె తప్పు చేసిందని ఎక్కడా తేల్చకుండానే అది ఆగిపోయింది. కానీ 1904 మే 14న, 82 ఏళ్ళ వయసులో, 23 ఏళ్ళు నడిపిన సంస్థ నుంచి ఆమె రాజీనామా చేసి బయటకు వచ్చింది.

అక్కా, ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. నమ్మకం ఉన్నచోట పుస్తకం ఎందుకు అని మన మీటింగుల్లో అప్పుడప్పుడు మాట వస్తుంది. మన లీడరు మంచిది, ఆమెను లెక్క అడిగితే బాధపడుతుంది అంటారు. క్లారా బార్టన్ కంటే మంచి లీడరు ఎక్కడ దొరుకుతుంది? ఆమె ఒక్క పైసా తిన్నదని ఎవరూ రుజువు చేయలేదు. అయినా పుస్తకం సరిగా లేనందుకు, అడిగినరోజు చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేకపోయింది. లెక్క అడిగినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, అది సభ్యుల హక్కు. లెక్క రాసుకోవడం లీడరు మీద అనుమానం కాదు. రేపు ఎవరన్నా వేలెత్తి చూపితే లీడరును కాపాడేది ఆ పుస్తకమే. ఆండర్సన్‌విల్‌లో పేర్లు రాసి పెట్టుకున్న కుర్రాడి విలువ తెలిసిన మనిషే, తన సంస్థ లెక్కలు అట్లా రాయించుకోలేకపోయింది. ఇంకొకటి, పదవి ఒక్కరి చేతిలోనే ఏళ్ళకేళ్ళు ఉంటే ఇట్లాంటివి వస్తాయి. మన దగ్గర లీడర్లను మార్చాలని నియమం పెట్టింది ఊరికే కాదు.

చివరి రోజులు

ఆమె అక్కడితో చేతులు ముడుచుకొని కూర్చోలేదు. దెబ్బ తగిలిన వెంటనే డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలో మామూలు జనానికి నేర్పించే ప్రథమ చికిత్స సంస్థను 1905లో నిలబెట్టింది. ఆడవాళ్ళకు ఓటు హక్కు కావాలని ముందు నుంచీ సభల్లో మాట్లాడింది. కానీ అమెరికాలో ఆడవాళ్ళకు దేశమంతటా ఓటు వచ్చింది 1920లో, అది చూడడానికి ఆమె లేదు. పెళ్ళి చేసుకోలేదు. 1912 ఏప్రిల్ 12న గ్లెన్ ఎకో ఇంట్లో, 90 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. పుట్టిన ఊళ్ళోనే సమాధి చేశారు.

మన దేశంలో ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ 1920లో మొదలైంది. అది క్లారా పెట్టింది కాదు కానీ అదే చెట్టుకు కొమ్మ. మన ఇళ్ళల్లో కాన్పుకో, ఆపరేషనుకో రక్తం కావాలంటే రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు పరిగెత్తినవాళ్ళు ఉన్నారు. ఆ ఎర్ర గుర్తు ఇంకోసారి కనపడినప్పుడు, సిగ్గుతో తలుపు చాటుకు పోయే ఆ చిన్నపిల్లను ఒక్కసారి గుర్తు చేసుకోండి.

వచ్చే నెల గ్రామ సంఘాల మీటింగుల్లో ఈ జీవితం చదివి వినిపించాలని నా కోరిక. చదువు రాని అక్కలకు చదివి చెప్పండి. చదివాక రెండు పనులు చేయండి. మన ఊళ్ళో కష్టంలో ఉన్న ఒక ఆడమనిషికి సాయం చేయాలనుకున్నప్పుడు, ఆమె చేతికి ఏ పని ఇవ్వగలమో ముందు చూడండి. మీటింగు లేచేముందు ఆ రోజు లెక్క అందరి ముందు చదివించి సంతకాలు పెట్టించండి.

సెలవు.

మీ సోదరి,
గ్రామ సంఘం లీడరు